నాన్న సమాధి మీద నల్లరాయి

మా ఊరి గుడి వెనక సమాధుల దొడ్డిలో మొట్టమొదటి నల్లరాయి వేయించింది నేనే. ఇప్పుడు పామర్రు వైపు నుంచి కాలవ గట్టు మీదుగా వచ్చేవాళ్ళకి గుడి మీది శిలువ కన్నా ముందు ఆ రాళ్ళే కనిపిస్తాయి. పొద్దుటి ఎండకి అద్దాల్లా మెరుస్తుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు "మీ ఊరి సమాధులు భలే నీటుగా ఉన్నాయండీ" అంటారు. ఒకప్పుడు ఆ మాట వింటే గర్వంగా ఉండేది. ఇప్పుడు చెప్పులకేసి చూసుకుంటాను.

మాది చిన్న విచారణ, ఇంగ్లీషులో పారిష్ అంటారు. ఫాదర్ గారు చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూసుకోవాలి కాబట్టి, ఆయన లేని రోజుల్లో గుడి పనంతా ఉపదేశిదే. మా నాన్న ఉపదేశి. పిల్లలకి జపాలు నేర్పడం, మంచాన పడ్డవాళ్ళ దగ్గర ప్రార్థన చెప్పడం, పూజకి ముందు గంట కొట్టడం, ఎవరైనా పోతే గుంట ఎక్కడ తవ్వాలో చూపించడం ఆయన పనులు. గంట అంటే వేపకొమ్మకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అసలు గంట కొనాలని ప్రతి పండక్కీ అనుకునేవాళ్ళు. మా ఇల్లు గుడి ప్రహరీని ఆనుకునే ఉండేది. నాన్న చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా కొవ్వొత్తి వాసన పోయేది కాదు. నాన్నలందరి దగ్గరా అదే వాసన వస్తుందని చాలాకాలం అనుకున్నాను.

డెల్టాలో నీళ్ళకి కొదవ లేదు, నేలకే కొదవ. గుడికీ కాలవకీ మధ్య కాస్త మెరకగా ఉన్న చెక్కే సమాధుల దొడ్డి. దాని చుట్టూ వరి. పండే పొలం చనిపోయినవాళ్ళకోసం ఎవరూ వదులుకోరు. అందుకని మా పెద్దవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇంటికొక చోటు. ఆ ఇంట్లో ఎవరు పోయినా అదే చోట తవ్వాలి. అంతకుముందు పోయినవాళ్ళ ఎముకలు బయటపడితే, ఆ ఇంటి పెద్దకోడలు గుంట అంచున కూర్చుని, కొత్త బట్టలో, ఒళ్ళో అందుకోవాలి. కొత్త పెట్టె దించాక ఆ మూట దాని తలవైపు పెట్టి మట్టి పోస్తారు. పైన మట్టి దిబ్బ, కర్ర శిలువ, అంతే. సిమెంటు వాడరు. ఫలానా ఆయన వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు అని మా ఊళ్ళో అన్నారంటే, అందులో ఊహ ఏమీ లేదు. నిజంగానే వెళ్ళాడని అర్థం.

"మనూళ్ళో బతికున్నోళ్ళకే చోటు లేదు, పోయినోళ్ళు సర్దుకోవాలిగా మరి" అనేవాడు నాన్న. జపాలు నేర్చుకునే పిల్లలం పకపకా నవ్వేవాళ్ళం.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో వేళకి అన్నం దొరికింది వదిన వచ్చాకే. అన్నయ్య పెళ్ళయ్యేసరికి నేను ఇంకా బడికి వెళ్తున్నాను. ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు, మరిది అని కూడా అనలేదు. "అబ్బాయ్" అనేది. నా చొక్కాలకి గుండీలు కుట్టింది. పరీక్ష ఫీజు కట్టాలని నేను నాన్నని అడగలేక గుమ్మంలో నిలబడితే, నా బదులు ఆమె అడిగింది.

అన్నయ్యకీ వదినకీ ఒక పాప పుట్టింది. ఏడాది నిండకుండానే పోయింది. వానాకాలం, జ్వరం. దారంతా నీళ్ళలో ఉంది. అన్నయ్య పాపని భుజాన వేసుకుని గట్టు మీద పామర్రుకి నడిచాడు కానీ, వెళ్ళేటప్పటికే అయిపోయింది. మా అమ్మ కాళ్ళ దగ్గర పెట్టారు. పసిబిడ్డ కాబట్టి లోతుగా తవ్వలేదు. నాన్నే ప్రార్థన చెప్పి, "మీ అత్తయ్య చూసుకుంటదిలేమ్మా" అన్నాడు వదినతో.

ఆమెకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ప్రతి యేడూ సమాధుల పండుగకి వదిన ఆ చిన్న దిబ్బని చేత్తో మెత్తి, సున్నంతో శిలువ గీసి, బంతిపూలు చల్లి, ఒక కొవ్వొత్తీ నాలుగు బిస్కెట్లూ పెట్టేది. ఫాదర్ గారు తీర్థజలం చల్లుకుంటూ అటు వెళ్ళగానే ఊరి పిల్లలు ఆ బిస్కెట్లు ఎత్తుకుపోయేవాళ్ళు. వాళ్ళని కేకలేసేది కాదు. వాళ్ళు తినాలనే పెట్టేదనుకుంటాను.

నేను విజయవాడ వెళ్ళాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక టైల్స్ దుకాణంలో పనికి కుదిరి, కొన్నేళ్ళకి సొంతంగా గ్రానైట్, టైల్స్ వ్యాపారం పెట్టుకున్నాను. ఇస్త్రీ చొక్కాలు, కారు, పదిమంది నమస్కారాలు వచ్చాయి. మా ఊరి సంగతి ఎవరైనా అడిగితే పామర్రు దగ్గర అని ఊరుకునేవాణ్ణి. నాన్న ఏం చేస్తారంటే టీచరు అనేవాణ్ణి. జపాలు నేర్పేవాడు గదా, అబద్ధం కాదులే అనుకునేవాణ్ణి.

నాన్న పోయినప్పుడు నా తోటి వ్యాపారస్థులు కొందరు కార్లలో ఊరికి వచ్చారు. మా అమ్మ ఉన్న చోటే తవ్వుతారని నాకు తెలుసు. అయినా వాళ్ళతో ముందుగా చెప్పడానికి నోరు రాలేదు. ఊళ్ళో అందరికీ గుంటలు తవ్వే ఒక పెద్దాయన ఉండేవాడు, బాబాయ్ అని పిలిచేవాళ్ళం. తవ్వబోయే ముందు వదిన ఆయనతో "ఆ కొసన పలుగు వెయ్యొద్దు బాబాయ్, పాపుంది" అంది. ఆయన సరేనని ఇవతలివైపే తవ్వాడు. వదిన గుంట అంచున, ఒళ్ళో కొత్త తెల్లబట్ట పరుచుకుని కూర్చుంది. బాబాయ్ మా అమ్మ ఎముకలు ఒక్కొక్కటే పైకి అందిస్తుంటే, పమిట కొంగుతో బురద తుడిచి బట్టలో పెట్టుకుంటూ, "లేవండి అత్తయ్యా, మావయ్యగారొచ్చారు, కాస్త జరగండి" అంటోంది. తెల్లారి నిద్ర లేపుతున్నట్టు, అంత మామూలుగా.

నా పక్కనున్నాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఏంటండీ ఇది? మీవాళ్ళు ఎముకలు తవ్వుతున్నారేంటి?" అన్నాడు నా చెవిలో.

"పల్లెటూరోళ్ళు గదండీ. చెప్తే వినరు" అన్నాను.

నేను ఆ మాటన్నప్పుడు మా అమ్మ ఎముకలు వదిన ఒళ్ళో ఉన్నాయి. వదిన తలెత్తి ఒకసారి నాకేసి చూసి, మళ్ళీ పనిలో పడింది.

నాన్న పోయిన సంవత్సరానికి జ్ఞాపకార్థం పూజ చెప్పించి, నల్ల గ్రానైట్ సమాధి కట్టిస్తానన్నాను. నాన్న మీద ప్రేమ అని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నిజానికి నా లెక్క వేరు. రేపు మా ఇంట్లో ఇంకెవరైనా పోయినప్పుడు, నా తోటివాళ్ళ ముందు ఆ గుంట మళ్ళీ తెరవకూడదు. తెరవాలన్నా వీల్లేకుండా చెయ్యాలి. రాయి వేయించింది అందుకే.

అప్పుడున్న ఫాదర్ గారు కొత్తగా వచ్చారు. "ఊరి కట్టుబాటు ఒకటి ఉందంటున్నారు కదా" అని నసిగారు. గుడి నేలంతా టైల్స్ వేయిస్తానన్నాను. ఆయన సరే కానివ్వండన్నారు. ఆయన తప్పేమీ లేదు. గుళ్ళో నాపరాళ్ళు లేచిపోయి ఆడవాళ్ళ మోకాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. నా టైల్స్ అద్దంలా వచ్చాయి. వానాకాలంలో ముసలమ్మలు జారి పడుతుంటే వాటి మీద గోనెసంచులు పరిచారు. ఇప్పటికీ పరుస్తూనే ఉన్నారు.

సమాధి కట్టే మేస్త్రీ నా దుకాణానికి ఫోన్ చేశాడు. "ఇది నల్లమట్టండీ. వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిస్తది. మీ రాయి నిలవదు. మట్టి తీసేసి ఇసక నింపి, పైన కమ్ములు కట్టి కాంక్రీటు పొయ్యాలి."

"ఎంత తియ్యాలో అంత తీసెయ్" అన్నాను. ఎదురుగా బేరం ఉంది. ఇంకేమీ ఆలోచించలేదు.

నేను ఊరు వెళ్ళేసరికి మట్టి తీసేసి ఇసక పోసేశారు. కూలీలు కమ్ములు కడుతున్నారు. చిన్న దిబ్బ ఉన్న చోటు కూడా సాపుగా ఇసకే. వదిన అక్కడ నిలబడి ఉంది.

"అబ్బాయ్, పాపేదీ?" అంది.

"ఇక్కడే కింద ఉంది వదినా. పైపైన సదును చేశారంతే."

"నిజంగా?"

"నిజంగానే. రాయి మీద పాప పేరు కూడా చెక్కిస్తాలే."

అన్నయ్య నెత్తిన మట్టితట్టతో ప్రహరీ గండి దాటి కాలవ వైపు వెళ్తున్నాడు. మెడ దాకా బురద. "కూలోళ్ళుండగా నువ్వెందుకు మోస్తున్నావ్?" అన్నాను. పలకలేదు. తమ్ముడు చేయిస్తున్న పనికి సాయం పడుతున్నాడనుకున్నాను.

రాయి మీద నాన్న బొమ్మ చెక్కించాను. అమ్మ పేరు, నాన్న పేరు, కింద కట్టించిన నా పేరు. పాప పేరు చెక్కించలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు. కానీ వదిన ప్రతి సమాధుల పండుగకీ ఆ రాయి కొసన కొవ్వొత్తి నిలబెడుతూనే ఉంది. మైనం నున్నటి రాతి మీద నిలవక ఒరిగిపోతుంటే చేత్తో పట్టుకుని కూర్చునేది. నేను పక్కనే నిలబడి చూశాను, ఏటేటా.

నా రాయి చూసి ఊరంతా మొదలుపెట్టారు. "మీ నాన్నకేనా రాయి, గుడి కట్టేటప్పుడు మా నాన్న రాళ్ళెత్తలేదా ఏంటి?" అని ఒకాయన బెంజ్ సర్కిల్ దాకా వచ్చి నవ్వుతూనే పోట్లాడాడు. ఊరివాళ్ళని చెప్పి ధర తగ్గించి ఇచ్చాను. "ఇంక ఎవరూ కదిలించలేరు" అని చెప్పి మరీ అమ్మాను. ఆ మాట నిజమైంది. రాయి వేసిన ప్రతి ఇంట్లోనూ తర్వాత ఎవరో ఒకరు పోయారు. అప్పుడు తెరవబోతే కింద కాంక్రీటు. పగలగొట్టడానికి మనసొప్పక పక్కన తవ్వారు. పక్కచోటు రాయి లేనివాళ్ళది. వాళ్ళు గట్టిగా అడగలేనివాళ్ళు. కొన్నేళ్ళకి దొడ్డి నిండిపోయింది. రాయి వేయలేనివాళ్ళు ప్రహరీ అవతల, కాలవ గట్టు మీద పూడ్చుకోవడం మొదలైంది. బాబాయ్ భార్యని కూడా అక్కడే పెట్టారు.

"ఊరందరికీ తవ్వా గదరా అబ్బాయ్. నా పెళ్ళానికి మాత్రం చోటు లేకుండా చేశావ్" అన్నాడు బాబాయ్, బీడీ వెలిగించుకుంటూ, అదేదో సరసం ఆడినట్టు. నేనూ నవ్వేశాను. ఏం చెయ్యాలో తెలీక నవ్వాను.

వదినకి కాన్సరని తేలింది విజయవాడలో. మా ఇంట్లోనే ఉండి మందులు పెట్టించుకుంది. జుట్టంతా ఊడిపోయింది. ఒక మధ్యాహ్నం బాల్కనీలో నీడపట్టున కూర్చుని, కింద ట్రాఫిక్ చూస్తూ అంది.

"అబ్బాయ్, నిన్నెప్పుడైనా ఏమన్నా అడిగానా?"

"లేదు వదినా."

"ఇప్పుడడుగుతున్నా. ఆ రాయి తీయించు. నన్ను పాప దగ్గర పెట్టండి."

"ఛ, ఇప్పుడవన్నీ ఎందుకు వదినా? తగ్గిపోద్దంటున్నారుగా డాక్టర్లు."

"తగ్గితే మంచిదే. అప్పుడు తీసినోళ్ళమే వేసుకుందాం, నీకు రాయికి కరువా? కానీ నేనుండగా తీయించు. నేనక్కడ నిలబడి చూడాలి. పోయింతర్వాత మీరు హడావిడిలో ఎక్కడో పెట్టేస్తారు."

"అట్టాగే వదినా" అన్నాను.

మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ తియ్యాలంటే, కదలదని చెప్పి అమ్మిన ఊరందరి ముందూ నా రాయిని నేనే పగలగొట్టాలి. వాళ్ళొచ్చి మావీ పగలగొట్టు అంటే? తర్వాత ఊళ్ళో ఎవరి మొహం చూడాలి? సమాధుల పండుగ దగ్గరపడింది, పండగ ముందు గునపం ఎందుకన్నాను. తర్వాత క్రిస్మస్ వచ్చింది. తర్వాత ఈస్టరుకి ముందొచ్చే తపస్సుకాలం. పాస్క పండగ అయ్యాక చూద్దామన్నాను. పాస్క అయ్యాక గృహప్రవేశాల సీజను, దుకాణంలో ఊపిరాడలేదు. వదిన మళ్ళీ అడగలేదు. ఊరికి వెళ్ళిపోతానంది. నేనే కార్లో దింపాను. గుడి దగ్గరికి రాగానే ఆపమంది. అద్దం దించి దొడ్డి వైపు చూసింది. రాయి ఎక్కడిదక్కడే మెరుస్తోంది.

"పోనియ్ అబ్బాయ్" అంది. కారు పోనివ్వమందో, ఆ సంగతే పోనివ్వమందో నేను అడగలేదు.

వానలు పట్టాక ఒక తెల్లవారుజామున పోయింది.

నేను వెళ్తూ దారిలో పామర్రు నుంచి కాంక్రీటు పగలగొట్టే మిషనుతో ఇద్దరిని తీసుకెళ్ళాను. సాయంత్రంలోపు మట్టి చెయ్యాలి. ఫాదర్ గారు పూజకి ఇంకో ఊరు వెళ్ళాలి. వాన పడుతూనే ఉంది. వదిన పెట్టె గుడి గోడ పక్కన టెంటు కింద ఉంది. ఆడవాళ్ళు జపమాల చెబుతున్నారు. వాళ్ళ మంగళవార్త జపానికీ మిషను చప్పుడికీ మధ్య ఎవరి మాటా వినపడలేదు. రాతిపలక వెంటనే పగిలింది. నాన్న బొమ్మ నుదుటి దగ్గర రెండయింది. కింద కాంక్రీటు మాత్రం లొంగలేదు. దగ్గర దగ్గరగా కమ్ములు కట్టమని నేనే చెప్పాను అప్పట్లో. మిషను కమ్మికి తగిలి ఎగురుతోంది. కాళ్ళవైపు కొసన, చెయ్యి పట్టేంత కన్నం పడేసరికి కరెంటు పోయింది. వాళ్ళు సుత్తులందుకున్నారు. చుట్టూ గొడుగుల కింద నా దగ్గర రాళ్ళు కొన్నవాళ్ళే నిలబడి చూస్తున్నారు.

"వాళ్ళది వాళ్ళు పగలగొట్టుకుంటున్నారు సరే, మాదాని సంగతేంటంట?" అంది ఎవరో ఒకామె.

అన్నయ్య టెంటులోంచి లేచి వచ్చాడు. "ఆపండ్రా" అన్నాడు పనివాళ్ళతో.

"ఇంకొంచెంసేపు అన్నయ్యా. కరెంటొస్తే..."

"చాలు. గట్టు మీద పెడదాం."

"వదినకి మాటిచ్చాను."

అన్నయ్య నాకేసి చూడను కూడా లేదు. "బాబాయ్, నువ్వు రా" అని ముసలాయన్ని వెంటబెట్టుకుని గండి దాటి వెళ్ళాడు. గట్టు మీద కాస్త దూరం నడిచి, ఆగి, వెనక్కి వచ్చి, ఒక చోట కర్ర గుచ్చాడు. మెరక చోటు చూస్తున్నాడనుకున్నాను.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరికీ వినపడేలా అన్నాను, "పాప దగ్గరి మట్టి పిడికెడన్నా తెస్తాను. వదినతో పెడదాం" అని. కొందరు ఆడవాళ్ళు అయ్యో అని కళ్ళొత్తుకున్నారు. బురదలో బోర్లా పడుకుని, కమ్ముల సందులోంచి భుజం దాకా చెయ్యి దూర్చాను. వేళ్ళకి ఇసక తగిలింది. ఇంకా లోపలికి తోశాను. ఇసకే. ఆ కమ్ముల మధ్య చెయ్యి ఎంత దూరం పోతుందో అంత దూరమూ నేను పోయించిన కృష్ణ ఇసకే. పిడికిలి మూసి పైకి లేచాను. అందరూ చూస్తున్నారు.

గుంట దగ్గర అన్నయ్య నా పిడికిలి విప్పాడు. తడిసిన ఇసక అరచేతిలో ముద్దగా ఉంది.

"మట్టేనా?" అన్నాడు.

"మట్టే" అన్నాను.

రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, తీసుకుని పెట్టె మీద వేశాడు. ఫాదర్ గారు పరలోక జపం అందుకున్నారు. వదినని మట్టి చేసేశాం. గుంటలో అప్పటికే నీళ్ళు ఊరుతున్నాయి. పెట్టె దించితే చప్పుడు వచ్చింది.

మట్టే అన్న ఆ ఒక్క మాట నన్ను తిననివ్వలేదు. రాయి వేయించడం గర్వం. ఆలస్యం చేయడం పిరికితనం. వాటికి ఏవో సాకులు చెప్పుకోగలిగాను. చనిపోయిన వదిన మీద, అన్నయ్య చేతిలో పెట్టిన ఆ అబద్ధానికి సాకు దొరకలేదు. తర్వాతి తపస్సుకాలంలో పాపసంకీర్తనం చేసుకుంటూ ఫాదర్ గారికి ఇసక సంగతి చెప్పాను. ఈయన పెద్దాయన, వేరే ఫాదర్ గారు. అంతా విని, "నాకు చెప్పారు, బాగానే ఉంది. వినాల్సినాయన వేరే ఉన్నారు కదా" అన్నారు.

అయినా వెంటనే చెప్పలేదు. ఉత్త చేతులతో వెళ్ళి చెప్పడం నాకు చేతకాదు. ఎండలు ముదిరాక మనుషుల్ని పెట్టి నాన్న సమాధి మీద కాంక్రీటంతా తీయించాను. ఊరివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఇసక ఎత్తించి, కాళ్ళవైపు అడుగున నల్లమట్టి తగిలేదాకా నేనే దిగి తవ్వాను. కొత్త తెల్లబట్టలో ఆ మట్టి మూటగట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. అన్నయ్య అక్కడే ఉన్నాడు. వదిన దిబ్బ కాలవ వైపు కోసుకుపోకుండా తాటికమ్మలు అడ్డంగా పాతుతున్నాడు. మూట ముందు పెట్టాను.

"ఏంటిది?"

"పాప దగ్గరి మట్టి అన్నయ్యా."

"ఈసారన్నా మట్టేనా?" అన్నాడు.

నేను అక్కడే కూర్చున్నాను. "నీకప్పుడే తెలుసా?" అన్నాను.

"ఇన్నేళ్ళు పొలం చేసినోణ్ణి, ఇసక తెలీదంట్రా నాకు?"

"క్షమించన్నయ్యా. అందరి ముందూ ఒట్టి చేతుల్తో లేవలేకపోయా. ఇది మాత్రం నిజంగా అడుగు మట్టే. నేనే తవ్వా."

"అడుగునెక్కడుందిరా పాప?" చేతిలో కమ్మ పక్కన పెట్టాడు. "పసిదానికి ఎంత లోతు తవ్వారు? మీ మేస్త్రీ నడుంలోతు తీయించాడు. కూలోళ్ళు ఆ మట్టి కాలవలో కొట్టేస్తామన్నారు. నేనొద్దన్నా. ఆ కొసన మట్టి వాళ్ళని ముట్టుకోనివ్వలే. నేనే ఎత్తుకొచ్చి ఇక్కడ పోశా."

ఇక్కడ అంటూ దిబ్బ మీద చెయ్యి వేశాడు.

నెత్తిన తట్ట, మెడ దాకా బురద, నేను అడిగిన ప్రశ్నకి పలకని ఆ మొహం, వదిన పోయిన రోజు వెతికి గుచ్చిన కర్ర, అంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది.

"వదినకి చెప్పావా?"

"ఎట్టా చెప్పేదిరా? బిడ్డ మట్టి తవ్వి బయట పోశారని చెప్పేదా? రాయి కింద ఉందిలే అనుకుని ఏటేటా కొవ్వొత్తి పెట్టుకునేది. నేను పక్కన నిలబడేవాణ్ణి. నిన్ను రాయి తియ్యమని అడిగిందని నాకు చెప్పింది. నువ్వు తియ్యకుంటేనే బాగుండునని దణ్ణం పెట్టుకున్నా. తీస్తే ఆమె చూసేదిగా అంతా ఇసకేనని." మళ్ళీ కమ్మ చేతిలోకి తీసుకున్నాడు. "అన్నాళ్ళూ ఆమెకి అబద్ధం చెప్పా. నీవల్లే."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు కొంచెం తేలికయ్యేది.

కాలవ వెడల్పు చేస్తారని, గట్టు కోస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. ఆ మాట అన్నయ్య దగ్గర ఎత్తాను. అట్టా అయితే దొడ్డిలో నాన్న దగ్గరికి మార్చుకుందాం, ఇప్పుడు చోటు తెరిచే ఉంది గదా అన్నాను.

"మళ్ళీ తవ్వుతావా వాళ్ళని?" అన్నాడు.

నేను మూట ముడి బిగించాను.

"ఆ మూట తీసుకెళ్ళి నాన్న మీద పొయ్యి. అది అమ్మానాన్నలదే" అన్నాడు. "నన్ను కూడా ఇక్కడే పెట్టు. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంటాం. రాయి మాత్రం తేబోకు."

"తేను" అన్నాను.

అతను తాటికమ్మ పాతడంలో పడ్డాడు. నేను పట్టుకోబోతే, "వద్దులే, అయిపోయింది" అన్నాడు. ఇంకా చాలా కమ్మలు మిగిలే ఉన్నాయి. మూట ఎత్తుకుని గండి దాటి దొడ్డిలోకి వచ్చాను. రెండువైపులా నేను అమ్మిన రాళ్ళే. వాటి మధ్య తవ్విపోసిన మా చోటు దగ్గర కూర్చుని బట్ట విప్పి మట్టి నాన్న మీద పోశాను. బట్ట ఏం చెయ్యాలో తెలియలేదు. మడిచి ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు అక్కడే కూర్చున్నాను.